మ్యూర్ కుటుంబపు సేద్యము

జాన్ మ్యూర్ పేరు మన చదువరులలో కొందఱు వినియే యుందురు. అమెరికాలోని యోసెమిటీ ప్రాంతము 1890లో జాతీయవనముగా నేర్పడుటకు మిక్కిలి పాటుపడినవాడాయన; 1892లో సియెర్రా క్లబ్బును నెలకొల్పి కడవఱకు దాని కధ్యక్షుడుగా నుండినవాడు. కొండలను, హిమనదములను, మహావృక్షములను గూర్చి యాయన వ్రాసిన గ్రంథములు పెక్కులు కలవు. మేమిప్పుడు విమర్శింప బూనినది వానిలో నొకటి కాదు. 1913లో, తన డెబ్బదియైదవ యేట, ఆయన ‘నా బాల్య యౌవనముల కథ’ యను పుస్తకమును ప్రకటించెను. మఱుసటి సంవత్సరాంతమున మరణించెను. స్కాట్లండునుండి వలసవచ్చిన తన తలిదండ్రులు విస్కాన్సిన్‌లో పచ్చికనేల నాగలి క్రిందికి దెచ్చి, ఒకదాని తరువాత నొకటిగా రెండు కమతముల నెట్లు నిలిపిరో యందు చెప్పినాడు.

మేము మొదట నీ పుస్తకమును పక్షులకొఱకు చదివితిమి. మా విద్యార్థులకును ఆ భాగములనే చదివి యర్థము చెప్పుచుంటిమి. ఒకయేడు, ఏల తోచెనో గాని, నూయి త్రవ్విన ఘట్టమును తరగతిలో చదివితిమి. చదువుట ముగియకమునుపే వెనుకబల్లమీది బాలుడొకడు లేచి, “వాళ్లమ్మ చూస్తూ ఊరుకుందాండీ?” అని యడిగెను. వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి పుస్తకము మొదటినుండి తుదివఱకు మరల చదివితిమి. అప్పుడును దొరకలేదు. ఈ వ్యాసమునకు కారణ మదియే.

డేనియల్ మ్యూర్ పసితనముననే తలిదండ్రులను గోల్పోయి పేదఱికమున పెరిగినవాడు. కొంతకాలము సైన్యమున నుండి, పిదప స్కాట్లండు తూర్పుతీరమందలి డన్‌బార్ పట్టణమున ధాన్యపుటంగడి నడుపుచుండెను. ఆ యంగడి మొదటి భార్యవలన సంక్రమించినది. ఆమె మరణానంతరము 1833లో ఆన్ గిల్రై యను నామెను వివాహమాడెను. ఆమె పుట్టినిల్లు అంగడి కెదురుగనే యుండెను. డన్‌బార్‌లో నేడుగురు బిడ్డలు గలిగిరి. ఎనిమిదవ బిడ్డ అమెరికాలో పుట్టెను.

1849 ఫిబ్రవరిలో నొకనాటి సాయంకాలము జానును తమ్ముడు డేవిడును తాతగారింట నిప్పుకడ కూర్చుండి పాఠములు వల్లించుచుండగా తండ్రి వచ్చి, ఇక పాఠముల పని లేదు, తెల్లవాఱినంతనే అమెరికా ప్రయాణమని చెప్పినాడట. పిల్లల యానందమునకు మేర లేకపోయెను. బంగారము, చెఱకుతేనె కాఱు చెట్లు, గ్రద్దలు, పిట్టలు, కొట్టువా రెవరును లేని యడవులు! తాతగారు మాత్రము దుఃఖించి, అక్కడ మీకు దొరకునది బంగారము కాదు, రెక్కలు ముక్కలగు చాకిరి యని చెప్పెను. ఈ ఘట్టము పుస్తకమున మిక్కిలి రసవంతముగా నున్నది. తండ్రి మాట యున్నది; తాత కన్నీరున్నది; బిడ్డల కేరింత లున్నవి. ఏడుగురు బిడ్డల తల్లికి ఈ వార్త యెప్పుడు తెలిసినదో, ఆమె యేమనెనో యొక్క వాక్యమైన లేదు.

తాతగా రొక పట్టు పట్టిరి. ఇల్లు కట్టబడువఱకు కూతురును చిన్నబిడ్డలును తనకడనే యుండవలెనని చెప్పిరి. కావున తండ్రి వెంట పదుమూడేండ్ల సేరా, పదునొకండవ యేట నున్న జాను, తొమ్మిదేండ్ల డేవిడు మాత్రమే బయలుదేఱిరి. తెరచాపల యోడలో ఆఱు వారములకు పైగా పట్టినది. మొదట కెనడాకు పోదలచినవాడు, తోడి ప్రయాణికుల మాటలు విని, అడవి కొట్టు శ్రమ తక్కువయని దారిలోనే మనస్సు మార్చుకొని విస్కాన్సిన్‌కు దారి పట్టెను. ఇంకొక ముచ్చట కూడ చెప్పవలెను. ఆయన యింటినుండి తెచ్చిన సామానులో నంగడి యినుపత్రాసును, దాని గుండ్లును గూడ నుండెనట! మిల్వాకీ రేవునుండి నూఱు మైళ్లు, బురదదారిలో, బండివాని చేత నా యినుము మోయించుకొని పోయినాడు. తూచుట కేమియు లేని చోటికి త్రాసు తీసికొనిపోయిన యీ మనుష్యుని చూచి నవ్వు వచ్చును గాని, యీ త్రాసును మఱువకుండుట మంచిది.

ఆ నేల సంపూర్ణముగా గడ్డిమైదానము కాదు. మైదానమునకును అడవికిని నడిమి నేల. ఓకుచెట్లు దూరదూరముగా నిలిచి, వాని నడుమ మనుష్యుని నడుముదాక పచ్చిక పెరిగి యుండును. ఏటేట గడ్డికి నిప్పంటుకొనుట చేతనే చెట్లు దట్టముగా పెరుగక నేల తెఱపిగా నుండెననియు, వలసవచ్చినవారు దున్ని యా మంటల నాపినతోడనే లేమొక్కలు లేచి నీడలు దట్టమైనవనియు మ్యూర్ చక్కగా వివరించినాడు. తండ్రి కొన్న నేలలో ఊటలచే నిండు సరస్సొకటి యుండెను. దానికి ‘ఫౌంటెన్ లేక్’ అని పేరు పెట్టుకొనిరి. బండి దిగిన క్షణముననే జాను, డేవిడు చెట్టెక్కి పక్షిగూడొకటి కనుగొనిరట. అక్కడినుండి పుస్తకము సగము పక్షులే. ఆకాశము కప్పివేయు వలసపావురములు గుంపులు గుంపులుగా వచ్చి ఓకుకాయలు నేలనుండి తుడిచివేయుటను ఆయన వర్ణించినట్లు వర్ణించినవారిని మేము చదువలేదు. ఆ జాతిలో చివరి పావురము 1914 సెప్టెంబరులో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించినది. ఆ డిసెంబరులోనే మ్యూరును పోయెను. ఈదుట నేర్వవలెనన్న కప్పలను చూచి నేర్చుకొండని తండ్రి చెప్పుట, పిల్ల లట్లే నేర్చుకొనుట మొదలగునవి యెంత చదివినను తనివి తీఱదు. ఈ భాగములను మెచ్చుటలో మే మెవరికిని తీసిపోము.

అయితే యీ పక్షు లన్నియు కనబడినది యెప్పుడు? పని నడుమ. ఆదివారము దైవప్రార్థన ముగిసిన పిమ్మట మిగిలిన మధ్యాహ్నపు గంటలు కొన్ని, ఏటికి రెండు సెలవులు విడిచిన, తక్కిన కాలమంతయు పనియే. పండ్రెండవ యేట జానును నాగలికి గట్టిరి. మేడి పట్టుకొనిన బాలుని తల మేడిమీదికి కొంచెమే కనబడుచుండెనట. కొట్టిన ఓకుచెట్ల మోళ్లను త్రవ్వి తీయుట, కంచెకు కమ్మెలు చీల్చుట, మొక్కజొన్న చేలలో కలుపు, వేసవిలో గోధుమకోత. కోతకాలమున తెల్లవాఱు నాలుగు గంటలకు లేచి పదునాఱు, పదునేడు గంటలు పని. అక్కలును పొలములోనే. గవదలు వాచి మ్రింగుడుపడనప్పుడును కోతపని మానుటకు సెలవు లేదు. అమెరికాకు వచ్చినది మొదలు ఇల్లు విడుచువఱకు పదునొకండేండ్లలో బడికి పోయినది రెండు నెలలు మాత్రమే.

చలికాలపు సంగతి వేఱు. ఇంటిలో నొక్క వంటపొయ్యి తప్ప వేఱు నిప్పు లేదు. తడిసి గడ్డకట్టిన మేజోళ్లలోనికి, జోళ్లలోనికి తెల్లవాఱుజామున వాచిన పాదములను దూర్చి పనికి పోవలెను. కఱవచే గాదు. చుట్టును అడవి! కొట్టిన మహావృక్షములను నేల ఖాళీచేయుటకై పొలములో కుప్పలుగా వేసి కాల్చివేయుచుండిరి. కొండంత మంటలు బయట, చిటికెడు నిప్పు లోపల. దీనిని మ్యూర్ స్వయముగా నెత్తి చూపినాడు. తప్పు కనుగొనలేకపోయినాడని యనరాదు.

ఆ మంటలకడ మఱియొకటి జరిగెను. కుప్పలు భగభగ మండుచుండగా తండ్రి పిల్లలను పిలిచి, ఈ మంటలో పడిన నెట్లుండునో యూహించుకొనుడు, నరకాగ్ని దీనికంటె నెంత తీవ్రమో, అది యెన్నటికి నాఱనిదో యూహించుకొనుడని బోధించెడివాడు. జాను మనస్సున నది నాటలేదట. మంటను చూచి యానందించుటయే మిగిలినదట. ఇక్కడ మాకొక సంగతి తోచుచున్నది. డేనియల్ పనినుండి యొక్క నిమిషము విడిచి మతము బోధించినవాడు కాడు. మోడు త్రవ్వుటయు, నరకమునుండి తప్పించుకొనుటయు నాయన కొక్కటియే. పని తప్పించుకొనుట పాపము. పాపమునకు శిక్ష మంట. మంట యిదిగో కనుల యెదుట. యజమాని చేతిలో నిట్టి శాస్త్రమున్నప్పుడు బిడ్డ యెదురు చెప్పుట కెక్కడి తావు?

ఆ శాస్త్రము డన్‌బార్‌లోనే మొదలైనది. బడిలో లాటిను, ఫ్రెంచి, ఇంగ్లీషు పాఠములు దినదినము అప్పజెప్పవలెను, తప్పినచో తోలుపట్టా. ఇంట తండ్రి బైబిలు భాగములు విధించును. తప్పినచో మరల దెబ్బలు. పదునొకండేండ్లు నిండునప్పటికి పాతనిబంధన ముప్పాతిక భాగమును, క్రొత్తనిబంధన సంపూర్ణముగాను జానుకు కంఠస్థమైనవి. దెబ్బలకును ధారణకును దగ్గఱి చుట్టఱికము కలదని స్కాట్లండు బళ్లవారు గొప్ప సత్యము కనిపెట్టిరని ఆయన పరిహసించినాడు. ఈ పరిహాసము మమ్ము గూడ తాకినది. అమరకోశమును, శబ్దమంజరిని మేమును తొడపాశముల మహిమచేతనే నేర్చినవారము. నేర్చినది మఱువలేదు; కాని నేర్పినవారిని తలచినప్పుడు ముందు జ్ఞాపకమునకు వచ్చునది శ్లోకము కాదు, వారి వ్రేళ్లు. ఉపాధ్యాయవృత్తిలో తొలియేండ్లు మేమును బెత్తము పట్టితిమి. పిల్లలు పాఠము చక్కగ నప్పజెప్పుచున్నారని సంతోషించితిమి. మా యెదుట నప్పజెప్పినవారిలో నెందఱు తరువాత నా పుస్తకమును తెఱచిరో మే మడుగలేదు.

ఫౌంటెన్ లేక్ నేల సారము తగ్గిన పిదప, వచ్చిన యెనిమిదేండ్లకు, తండ్రి యాఱు మైళ్ల దూరమున 320 ఎకరముల నేల కొని, మొదలునుండి మరల ప్రారంభించెను. ఆ కమతము పేరు ‘హికరీ హిల్’. మరల అడవి కొట్టుట, మరల మోళ్లు, మరల కంచె. ఆ కాలమునకు తండ్రి చేలోనికి వచ్చుట మానివేసెను. ఇంట గూర్చుండి బైబిలు చదువుట, ఊళ్లు తిరిగి బోధించుట యాయన పని. సేద్యము కొడుకుల, కూతుండ్ర పని.

క్రొత్త నేలలో నీరు లేదు. నుయ్యి త్రవ్వవలెను. పది యడుగుల లోపలనే యిసుకరాయి తగిలినది. మందుపెట్టి పేల్చుట కొన్నాళ్లు సాగి విఫలమయ్యెను. అంతట తండ్రి జాను చేతికి సుత్తియు నులియు నిచ్చి లోపలికి దింపెను. మూడడుగుల వెడల్పు గల గొయ్యి. ఉదయము బొక్కెనలో కూర్చుండబెట్టి గిలకతో దింపుట, మధ్యాహ్నము భోజనమునకు పైకి లాగుట, మరల దింపుట, చీకటిపడిన లాగుట. నెలల తరబడి యిదే. కూర్చుండి కాలు చాపుకొనుటకు చోటు లేని యా గుంటలో రాతిని పొడిచి పొడిచి యెనుబదియడుగుల లోతు పోయెను. ఒకనాటి యుదయము దిగినవాడు దిగినట్లే తూలిపోయెను. రాత్రి యడుగున విషవాయువు నిండినది. పైనుండి తండ్రి, అడుగున శబ్దము వినబడకపోవుటచే, ఏమాయెనని కేక వేసెను. తల వాల్చుచున్న బాలునకు నూతిమీదికి వంగిన ఓకుకొమ్మ యొకటి కనబడినదట. దానిని చూచి తెప్పరిల్లి, పైకి లాగుడని గొణిగెను. బొక్కెనలో నెక్కుమని తండ్రి కేకలు వేయగా నెట్లో యెక్కెను. పైకి వచ్చునప్పటికి స్మృతి లేదు.

విలియం డంకన్ అను స్కాట్లండు వాడొకడు పొరుగున నుండెను; గనులలో పనిచేసిన యనుభవము గలవాడు. ఆయన వచ్చి చూచి, ఇంత దగ్గఱకు పోయి బ్రతికినవానిని తానెఱుగనని యాశ్చర్యపడి, నూతిలోనికి నీరు చల్లి, కంపమోపు నొకదానిని త్రాటికి గట్టి పైకి క్రిందికి నాడించిన గాలి మాఱునని యుపాయము చెప్పెను. ఒకటి రెండు దినములలో జాను తేఱుకొనెను. తేఱుకొనిన వెంటనే తండ్రి యాతనిని మరల దింపెను. తొంబదియడుగులకు నీరు పడినది. ఆ నూతిలో తండ్రి యొక గంటయైన గడపలేదని మ్యూర్ వ్రాసినాడు. పుస్తకమంతటిలో నింతకంటె కఠినమైన వాక్యము లేదు. అదియు నేబదేండ్లకు పైబడిన పిమ్మట వ్రాసినది.

మ్యూరులకు నోబు అను గుఱ్ఱముండెను. పిల్లలకు ప్రాణమువంటిది. ఒక వేసవిలో తండ్రి యిరువదినాలుగు మైళ్ల దూరమందలి పోర్టేజి పట్టణమున జరుగు ప్రార్థనసభ కందుకొనవలెనని యెండలో నిసుకదారిని దానిని తోలుకొనిపోయెను. అది తిరిగివచ్చి కొన్నాళ్లు మ్రొగ్గుచు, ముక్కునుండి రక్తము కాఱుచు, పిల్లల వెంట తిరిగి తిరిగి చచ్చెను. ఇంతకంటె వ్యాఖ్య మేమి వ్రాయము.

ఈ కష్టములకు మ్యూర్ చెప్పిన కారణ మేమి? అతిశ్రమ యను వ్యసనము. క్రొత్తనేలకు వచ్చినవారందఱకు, అందు స్కాట్లండువారికి విశేషముగా, పనిపిచ్చి పట్టినదనియు, ఆ పిచ్చిలో తమ బిడ్డలను బానిసలను జేసిరనియు నాయన భావము. ఇక్కడనే మాకు గ్రంథకర్తతో నభిప్రాయభేదము. జాతిమీద మోపిన తప్పు వ్యక్తిని తప్పించును. నేల చేరినంతనే వచ్చి జానును బ్రతికించు నుపాయము చెప్పిన డంకను స్కాట్లండువాడు కాడా? కూతురును ఇల్లు లేని యడవికి పంపనని పట్టుబట్టిన తాతగారు స్కాట్లండువారు కారా? జానుకు కావ్యములు చూపి, ఆతనితో కవిత్వము ముచ్చటించిన పొరుగు యువకులు, గ్రే, టేలరు కుటుంబములవారు, స్కాట్లండునుండి వచ్చి యదేవిధమగు నేల దున్నుచున్నవారే. వారికి పద్యములు వ్రాయుటకు తీఱిక యుండెను. పని యందఱకు నున్నది. ఎంత చాలునని చెప్పుట కెవరికిని హక్కు లేకపోయినది మాత్ర మా యొక్క యింటిలోనే. దోషము స్కాట్లండు రక్తమున లేదు, అడ్డులేని గృహాధిపత్యమున నున్నది. అట్టి యింటిలో యజమాని చెడ్డవాడు కానక్కఱలేదు. డేనియల్ తాగుబోతు కాడు, లోభియు కాడు, తనకై యేమియు దాచుకొనినవాడు కాడు. తన బిడ్డల యాత్మలకొఱకే తాను కఠినుడనై యున్నానని నిజముగా నమ్మినవాడు. అందుచేతనే యాయనను వారించుట మఱింత కష్టము.

న్యాయముగా నాయన పక్షమున నొకటి చెప్పవలెను. రాత్రి యెనిమిదింటికి నిద్రపోవలెనని నియమము. దీపము పెట్టి చదువుచున్న కొడుకును మందలించుచు, చదువవలెనన్న తెల్లవాఱుజామున లేచి చదువుకొమ్ము, ఎంత ముందు లేచినను సరే యని యొకనాడు నోరుజాఱెను. మఱునాటినుండి జాను రాత్రి యొంటిగంటకు లేచుట మొదలిడెను! అయిదు గంటల కాలము తనదైనది. నిప్పు వేసికొనరాదు గనుక నేలమాళిగలో కూర్చుండి, కొయ్యతో గడియారములు, రంపపుమర నమూనాలు చేసెను. తండ్రికి కోపము వచ్చెను. కాని యిచ్చిన మాట కాదనలేక సహించెను. మాటకు కట్టుబడు గుణ మాయనయం దున్నది. ఆ గుణమును జాను వాడుకొనగలిగినాడు.

ఇక తల్లి. మేము గమనించినంతవఱకు నామె యీ పుస్తకమున స్పష్టముగా కనబడు తావులు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అందొకటి భోజనవిషయము. డేనియల్ ఆరోగ్యశాస్త్రము చదివి మాంసము మానవలెనని నిర్ణయించెను. పొలములో నింత పనిచేయువారికి మాంసము కావలెనని యామె యభిప్రాయము. ఆమె మాట చెల్లలేదు. కొడుకు బైబిలు నుదాహరించి, ఏలీయా ప్రవక్తకు దైవము కాకులచేత మాంసము పంపించెను గదా యనగా, తండ్రి వెంటనే తన పొరపాటొప్పుకొనెను. ఈ కథను మ్యూర్ తన వాదనాబలము చూపుటకు చెప్పినాడు. మేము వేఱొక విధముగా చదువుచున్నాము. వంటచేయు నామె, వడ్డించు నామె, బిడ్డల యెముకలు కనబడుచుండగా చూచు నామె చెప్పినప్పుడు విననివాడు శాస్త్రవచనము వినబడగానే లొంగెను. ఆమెకు బైబిలు రాదా? వచ్చును. ఉదాహరించు నధికారము లేదు.

ఎనిమిదిమంది బిడ్డలు, పదునాఱు గంటల పని, ఒక్క పొయ్యి. ఈ మూడింటిని కలిపి యెవరైన లెక్క చూచుకొనవచ్చును. నాలుగింటికి పనికి పోవువారికంటె ముందు లేచిన దెవరు? గడ్డకట్టిన మేజోళ్లు అల్లినదెవరు, ఉతికినదెవరు? మ్యూర్ కన్నులు పొదలోని గూడెక్కడ నున్నదో కనిపెట్టు కన్నులు. గ్రుడ్ల రంగు, తల్లిపక్షి పిల్లలను కాచు విధము అఱువదేండ్ల పిమ్మటను చెప్పగలిగినాడు. తన యింటిలోని తల్లినిగూర్చి యట్టి వర్ణన మొక పుటయైన వ్రాయలేదు. ఆయనకు తల్లియందు ప్రేమ లేదని మేమనుట లేదు. 1896లో కాలిఫోర్నియానుండి ఖండ మంతయు దాటి యామె యంత్యకాలమునకు చేరినవాడు. ప్రేమ వేఱు, చూచుట వేఱు. తండ్రి యాయన కడ్డు వచ్చెను గనుక కనబడెను. తల్లి యడ్డు రాలేదు.

మా విద్యార్థి ప్రశ్నకు మేమిప్పుడు కొంత చెప్పగలము. ఆమె ఊరకుండెనా, రాత్రి భర్తతో వాదించెనా, గిలకకడ నిలిచి త్రాడు పట్టెనా యని పుస్తకము తెలుపదు. ఊరకుండెనని తీర్పు చెప్పుటకు మనకు హక్కు లేదు. వాదించి యోడిపోయినవారి మాటయు, వాదింపనివారి మౌనమును, వ్రాయువాడు వ్రాయకున్న నొక్కటిగనే కనబడును.

నేలనుగూర్చియు నొక మాట. అది వినెబేగోలని యప్పుడు పిలువబడిన హోచంకు జనులును, మెనామినీ జనులును తిరిగిన దేశము. ఒడంబడికలమీద నొడంబడికలు వ్రాయించుకొని ప్రభుత్వము వారిని తొలగించినది. ఒకనాడు జార్జి మేర్ అను పొరుగువాడును, డేనియలును దీనినిగూర్చి వాదించుకొనగా జాను వినెను. పంట పండించు నేలను వేటకాండ్రకు విడుచుట దైవసంకల్పము కానేరదని డేనియల్ వాదము. ఆ న్యాయమే మనకు పట్టించిన నేమగునని మేర్ తిరుగవేసెను: తరతరములుగా సేద్యశాస్త్ర మెఱిగిన రైతొకడు వచ్చి, సాలెవాండ్రు, అంగడివాండ్రు అగు మీరు నేలను పాడుచేయుచున్నారు, లెండని మనలను లేవగొట్టవచ్చును గదా! ఈ మాటలో పస యున్నది. క్రొత్తలో ఎకరమునకు ఇరువది, ఇరువదియైదు బుషెళ్లు పండిన గోధుమ నాలుగైదేండ్లలో అయిదాఱు బుషెళ్లకు దిగెనని పుస్తకమే చెప్పుచున్నది. (బుషెలన గోధుమలలో సుమారు 27 కిలోలు.) నేలనుండి తీసికొనుటయే గాని తిరిగి యిచ్చుట తెలియదు, పిమ్మట క్లోవరు పైరు వేయుట నేర్చిన తరువాతనే కొంత కోలుకొనెను. నేల విషయమున, గుఱ్ఱము విషయమున, బిడ్డల విషయమున నాయింటి పద్ధతి యొక్కటిగనే మాకు కనబడినది. మేర్ వాదమును మ్యూర్ భద్రముగా వ్రాసి పెట్టినాడు. అందుకు మనము కృతజ్ఞులము.

1860లో జాను తన కొయ్యగడియారములు మూటగట్టుకొని మాడిసన్ పట్టణపు ప్రదర్శనమునకు బయలుదేఱెను. కష్టము వచ్చిన ధనసహాయము చేయుదువా యని యడుగగా, నీ కాళ్లమీద నీవు నిలువుమని తండ్రి సమాధానము. తరువాత డేనియల్ ముదిమిలో కమతము విడిచి, భార్య పోర్టేజిలో నుండగా, మతకార్యము నిమిత్తము కెనడాలోని హామిల్టన్ పట్టణమునకు పోయి నివసించెను. 1885లో కాన్సస్ సిటీలో కూతురింట మరణించెను. ఫౌంటెన్ లేక్ కమతము సేరాకును ఆమె భర్తకును చెందినది. అందు సరస్సు నొడ్డునగల పచ్చికబీటి కొంత యమ్ముడని, పశువులు త్రొక్కకుండ కంచె వేసి పువ్వులను కాపాడుదునని మ్యూర్ బావగారిని పెక్కుమాఱు లడిగెను. ఆ కంచె యేనాటికిని నిలువదని బావగారు నవ్విరి. అది జరుగలేదు. ఆ సరస్సు చుట్టుపట్ల నిప్పుడు మ్యూర్ పేర బహిరంగోద్యానము కలదు.

హికరీ హిల్ నూతిమాట మఱచితిమి. నీరు పడిన తరువాత జానే దానిపై చక్కని కప్పు కట్టి, ఇనుపపట్టీల బొక్కెనలు రెండు వ్రేలాడగట్టెను. ఆ నీరు తాము బహుకాలము త్రాగితిమని మ్యూర్ వ్రాసినాడు. తొంబదియడుగుల లోతునుండి దినదినము తోడి, ఇంటిలోనికి మోసినవారెవరో వ్రాయలేదు.